ఒకటికి నాలుగు వందల ఇరవై

జనవరి 21, 2025. జనగామ

ప్లాంట్ మేనేజర్ నరేందర్ సార్ తన గది తలుపు మూయడం ఈ ఆరేళ్లలో నేను చూడలేదు. ఇవాళ నన్ను లోపలికి పిలిచి మూశారు.

హెడ్డాఫీసు నుంచి మెయిల్. పోయిన ఏడాది కంపెనీ నివేదికలో వచ్చిన ఒక లైను గురించి. షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీలన్నీ ఏటా అచ్చు వేయాల్సిన లైను. ఉద్యోగులందరినీ జీతం ప్రకారం చిన్న నుంచి పెద్దకు వరుసగా నిలబెడితే, సరిగ్గా నడుమ నిలబడే మనిషికి వచ్చేదెంత, ఎండీ గారికి వచ్చేది దానికి ఎన్ని రెట్లు అన్నది చెప్పాలి. మాది ఒకటికి నాలుగు వందల ఇరవై.

ఇంకో అంకె అయితే ఎవరూ చూసేవారు కాదు. వాటాదారుల మీటింగులో ఒక పెద్దాయన లేచి, "ఫోర్ ట్వంటీ కంపెనీ అని మీరే అచ్చేసుకున్నరు గదా" అన్నాడట. హాలంతా నవ్విందట. ఆ వీడియో ముక్క మా విత్తన కంపెనీల వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. నాకూ వచ్చింది. నేనూ నవ్వాను.

"మార్చి ముప్పయ్యొకటి లోపల గా అంకె మారాలంట అఖిలా" అన్నారు సార్.

"ఎండీ సార్ జీతం తగ్గించుకుంటున్నరా సార్?"

సార్ చాలాసేపు నవ్వారు. నేను హాస్యానికి అడగలేదు.

జనవరి 24

పద్ధతి సులువే. వరుసలో కింద ఉన్నవాళ్లను తీసేస్తే నడుమ పైకి జరుగుతుంది.

మూడు ప్లాంట్లలో గ్రేడింగ్ షెడ్డు ఆడవాళ్లు 378 మంది. బల్లల ముందు కూర్చుని తాలు విత్తనం, పగిలిన విత్తనం ఏరేవాళ్లు. జనగామలో 138. వీళ్లను కంపెనీ జీతాల పట్టీ నుంచి ఒక ఏజెన్సీ పట్టీకి మారుస్తారు. అదే షెడ్డు, అదే బల్ల, అదే కూలి. ఎవరికీ ఒక్క రూపాయి తగ్గదు. మెయిల్లో అలాగే ఉంది.

హాజరు, జీతాల లెక్క నా పనే కాబట్టి జాబితా నేనే తీశాను. ఇరవై ఏడో పేరు మోతీబాయి. మా నాయిన అక్క.

జనవరి 26

రాంజీ వచ్చాడు. నెలకు రెండు ఆదివారాలు భూపాలపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, సోమవారం తెల్లారే బస్సుకు పోతాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు. పెళ్లయి నాలుగేళ్లు. ఇద్దరం ఒక ఊళ్లో ఉన్నది మొత్తం కలిపితే ఏడాది కూడా కాదేమో.

మాటల్లో చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కాంట్రాక్టంటే ఏందో నన్నడుగు. అదే బండి, అదే బొగ్గుబాయి. పక్కపొంటి పర్మినెంటోడు నడుపుతడు, నేను నడుపుతా. ఆనికి దవాఖాన ఉన్నది, క్వార్టర్ ఉన్నది. నాకు గేటు పాసున్నది."

"వీళ్ల సంగతి వేరు. కాగితం మీదనే మార్పు."

"నాది గూడ కాగితం మీదనే."

తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చారు బాగుందన్నాడు.

ఫిబ్రవరి 3

షెడ్డు ఆడవాళ్లు సంతకం పెట్టాల్సిన ఉత్తరం నమూనా వచ్చింది. ఇంగ్లీషులో ఏడు లైన్లు. స్వంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నాకు రావలసినవేవీ మిగిలి లేవు. ఇందులోని విషయాలు నా మాతృభాషలో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను. కింద సాక్షి సంతకానికి ఖాళీ.

"తండా వాళ్లు నువ్వు చెప్తె ఇంటరు" అన్నారు సార్. "హైదరాబాద్‌ల హెచ్‌ఆర్‌ల ఒక సీటు ఖాళీ అవుతున్నది. నేను నీ పేరు చెప్పిన. గిది దానికోసం అని అనుకోకు."

అనుకోలేదు.

ఫిబ్రవరి 15

సేవాలాల్ జయంతి. మానుకోటలో బస్సు దిగి ఆటోలో తండాకు పోయాను. నెయ్యి, బెల్లం వేసి భోగ్ హోమం వెలిగించారు. పాటలు పాడేవాళ్లలో అత్త గొంతే పెద్దది.

ఆమె పద్నాలుగేళ్ల కిందట ఈ పనిలో చేరింది. నాకప్పుడు పదిహేనేళ్లు. నేను హాస్టల్ వదిలి పత్తి ఏరడానికి వస్తానంటే, మొదటి జీతంతో నాకు రెండు జతల బట్టలు, ఒక ట్రంకుపెట్టె కొని మళ్లీ హాస్టల్లో దింపి వచ్చింది. ఆమెకూ కొందరు ఆడవాళ్లకూ జనగామలో ఉమ్మడిగా ఒక గది ఉంది. ఆదివారాలు తండాకు వస్తుంది. నేను ఎంబీఏ చేసి అదే ప్లాంటులో ఆఫీసులో చేరినప్పుడు షెడ్డులో అందరికీ లడ్డూలు పంచింది.

ఉత్తరం సంగతి చెబుదామనుకున్నాను. పండుగ పూట ఎందుకని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 27

మూడు విడతలుగా షెడ్డులోనే కూర్చోబెట్టి వివరించాను. తెలుగు వాళ్లకు తెలుగులో, మా వాళ్లకు మా లంబాడీ భాషలో. రాజీనామాకు మా భాషలో మాట లేదు. దగ్గరగా ఉన్న మాట వాడాను.

137 సంతకాలు, వేలిముద్రలు. సాక్షిగా 137 సార్లు నా సంతకం. అత్త అందరికంటే ముందు పెట్టింది. "మా అఖిల సదివినంక ఇగ సూసేదేంది" అంది పక్కవాళ్లతో.

ఒక్క జోహరాబీ పెట్టలేదు. బస్టాండు వెనక గల్లీలో ఉంటుంది, ఎనిమిది వరకు చదివింది, మధ్యాహ్నం తిండి దగ్గర పేపరు చదివి అందరికీ చెప్పేది ఆమే. "జర తెలుగుల ఇయ్యుండ్రి మేడం. ఇంటికాడ సదువుకొని దస్కత్ చేస్త" అంది. తెలుగులో లేదన్నాను.

మార్చి 3

మూడు రోజులుగా జోహరాబీ కార్డుకు గేటు తెరుచుకోలేదు. ఇవాళ వచ్చి సంతకం పెట్టింది. పెట్టే ముందు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుంది. నేను వద్దనలేదు. ఆ విషయం సార్‌కు చెప్పలేదు.

మార్చి 31

పట్టీలో ఇవాళ్టికి 311 మంది. మొదట్లో 689.

ఏప్రిల్ 22

ఏమీ మారలేదు. అదే షెడ్డు, అదే బల్లలు. ఒక్క రూపాయి తగ్గలేదు. రాంజీకి ఫోన్‌లో చెప్పాను. "మంచిదే" అన్నాడు.

మే 9

జ్వరం. సెలవు.

జూన్ 28

ఏజెన్సీ వాడు ఒక జాబితా పంపాడు. సీజన్ అయిపోయింది, నవంబర్ దాకా 74 మందికి పని లేదు. ఇంతకుముందు ఈ నెలల్లో వాళ్లు కూరగాయ విత్తనం ప్యాక్ చేసేవారు, గోదాములు కడిగేవారు, సంచులు కుట్టేవారు. పనెప్పుడూ ఉండేది. ఇప్పుడు ఆ పని మిగిలిన 64 మందే చేస్తారు.

నోటీసు బోర్డు మీద నేనే అంటించాను. అత్త పేరు పంతొమ్మిదోది.

జూన్ 30

అత్త నేను కూర్చునే టైమ్ ఆఫీసుకు వచ్చింది. ఎప్పుడూ లోపలికి రాదు. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుంది. మా భాషలోనే మాట్లాడింది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు.

"జోహరాబీ ఆ కాయితం వకీలు తోటి సదివించింది. పని మేమే ఇడ్సిపెడుతున్నమని రాసి ఉన్నదట. నిజమేనా?"

"అది పద్ధతి కోసం రాసింది అత్తా. రాజీనామా అంటారు. మన భాషలో దానికి మాట లేదు."

అత్త కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"పని ఇడ్సిపెట్టుడుకు మన దాంట్ల మాట లేదా? నీ సిన్నతనంల నేను నీకోసం రెండు కొలువులు ఇడ్సిపెట్టిన. అప్పుడు ఏమని చెప్పిన నీకు?"

ఫోన్ మోగితే ఎత్తాను. కొరియర్ వాడు. మాట్లాడి పెట్టేసరికి అత్త లేదు. కుర్చీని ఎక్కడినుంచి లాగిందో అక్కడే పెట్టి వెళ్లింది.

మాట ఉంది. రెండు మాటలున్నాయి. ఒకటి వదిలేయడం, ఇంకోటి తెంచుకోవడం. రెండూ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

జూలై 13

రాంజీ రాలేదు. వానకు గుంతలో నీళ్లు నిండి డంపర్లు ఆగిపోయాయట. పని లేని రోజులకు వాళ్లకూ కూలి లేదు. తండా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అత్త ఎవరిదో పత్తి చేనులో కలుపుకు పోతోందట. నడుము వంచితే లేవలేకపోతోందట. నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను. అడగలేదన్నాడు.

జూలై 14

నేను అంటించకపోతే ఆ నోటీసు ఇంకెవరో అంటించేవారు.

జూలై 15

ఫిబ్రవరిలో ఆ ఉత్తరం ఇంకెవరో చదివి ఉంటే జోహరాబీ లాగే అందరూ ఆగి, తెలుగులో ఇవ్వమని అడిగేవారు.

ఆగస్టు 20

ఈ ఏటి నివేదిక వచ్చింది. 61వ పేజీ. ఒకటికి రెండు వందల ముప్పై అయిదు. హెడ్డాఫీసు వాళ్లు అందరికీ అభినందనలు పంపారు.

దాని కిందే ఇంకో లైను అచ్చు వేయాలి, అదీ చట్టమే: ఈ ఏడాది ఉద్యోగుల నడిమి జీతం ఎంత శాతం పెరిగింది. 96.9 శాతం పెరిగింది అని ఉంది. పెరిగింది. నడుమ నిలబడ్డ మనిషి మారింది కాబట్టి పెరిగింది. ఎవరి జీతమూ అంత పెరగలేదు. ఎండీ గారిది మాత్రం ఎనిమిది కోట్ల ఆరు లక్షల నుంచి ఎనిమిది కోట్ల ఎనభై ఎనిమిది లక్షలకు పెరిగింది.

సిస్టంలో 311 మందినీ వరుసగా పెట్టి చూశాను. నడుమ ఉండేది 156వ పేరు. నెలకు ముప్పై ఒక్క వేల అయిదు వందలు.

అది నేనే.

టీ తాగి వచ్చి మళ్లీ చూశాను. నేనే.

సెప్టెంబర్ 2

జోహరాబీ, అత్త, ఇంకో అయిదుగురు లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టారు. అర్జీకి జోహరాబీ ఫొటో తీసుకున్న ఉత్తరం జత చేశారు. దాంతోపాటు కంపెనీ నివేదికల్లోంచి రెండు పేజీలు, పోయినేటిదీ ఈ ఏటిదీ. పట్టీలో ఎంతమంది అన్న లైను కింద రెండింటిలోనూ ఎర్ర పెన్నుతో గీత. 689. 311. ఒకే నెలలో 378 మందికి స్వంత కారణాలు ఎక్కడివని అడిగారు.

నరేందర్ సార్ ఆ పేజీలు నా ముందు పెట్టి, "గివి వాళ్లకు ఎవలిచ్చిండ్రు?" అన్నారు.

"కంపెనీ వెబ్‌సైట్‌ల ఉంటయి సార్. అందరికీ కనపడేటట్టు పెట్టాలని చట్టం."

నేను ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇక్కడ రాసుకునేదాన్ని.

సెప్టెంబర్ 15

రేపు లేబర్ ఆఫీసులో విచారణ. సాక్షిగా నేనూ పోవాలి. సార్ జీపులో ఇంటి దగ్గర దింపుతూ చెప్పారు.

"అబద్ధం చెప్పుమంటలేను. చదివి వినిపించినవా అంటరు. వినిపించిన అని చెప్పు. వినిపించినవ్ గదా? ఏమని వినిపించినవని ఎవలడుగుతరు? ఆ భాష ఆఫీసర్‌కు రాదు, వకీలుకు రాదు, నాకు రాదు. హైదరాబాద్ ఆర్డర్ దసరా లోపల వస్తది."

"సరే సార్" అన్నాను.

రాంజీకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "నువ్వు ఏం చెప్తవో నాకు చెప్పకు. చెప్పినంక చెప్పు" అన్నాడు.

సెప్టెంబర్ 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొడుగు బల్ల. అటువైపు లేబర్ ఆఫీసర్ మేడం, ఆమె పక్కన టైపు చేసే ఆయన. ఒక వైపు నరేందర్ సార్, హైదరాబాద్ నుంచి వచ్చిన వకీలు. ఇంకో వైపు ఏడుగురు ఆడవాళ్లు. అత్త చివర. నాకు ఎటువైపూ కుర్చీ వేయలేదు. తలుపు దగ్గరున్న కుర్చీ నేనే తెచ్చుకుని కంపెనీ వైపు వేసుకున్నాను.

వకీలు ఉత్తరాల కట్ట తీసి మేడం ముందు పెట్టాడు. అన్నిటి మీదా సంతకాలున్నాయి, మాతృభాషలో వినిపించామని రాసి ఉంది, సాక్షి ఉంది, ఆ సాక్షి వాళ్ల కులపు అమ్మాయే, ఒకామెకు సొంత మేనకోడలు కూడా అని చెప్పాడు. మోసం చేసే మనిషి అయితే సొంత అత్తను మోసం చేస్తుందా అన్నాడు.

మేడం నా వైపు తిరిగింది. "ఈ ఉత్తరం వీళ్లకు మీరే చదివి వినిపించారా?"

"లేదు మేడం."

ఈ మాట ముందే అనుకుని రాలేదు. వకీలు అడిగిన చివరి ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. దానికి జవాబులా వచ్చేసింది.

"మరి సాక్షి సంతకం మీదేనా?"

"నాదే. ఉత్తరం చదవలేదు. వేరే మాటలు చెప్పాను."

"ఏం చెప్పారు?"

ముందు మా భాషలో, ఫిబ్రవరిలో అన్నది అన్నట్టు చెప్పాను. తర్వాత తెలుగులో చెప్పాను. ఇది కంపెనీ రికార్డులో పేరు మార్చే కాగితం. పని పోదు, సర్వీసు పోదు. భయపడకండి, నేనున్నాను కదా.

"పని వదిలేస్తున్నట్టు రాసి ఉందని చెప్పారా?"

"చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సంతకాలు పెట్టరు కాబట్టి."

టైపు చేసే ఆయన చేతులు ఆగాయి. మేడం ఆయనతో, "అది కూడా కొట్టండి" అంది.

వకీలు లేచి, ఇది కుటుంబం ఒత్తిడితో ఇస్తున్న వాంగ్మూలం అన్నాడు. మేడం అత్తను అడిగింది. "అమ్మా, మీరు ఈమెతో ఈ విషయం మాట్లాడారా?"

"మూడు నెలలాయె నేను గామె తోటి మాట్లాడక" అంది అత్త.

నా మాటలు ప్రింటు తీసి ఇచ్చారు. రెండు పేజీలు. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. బయటికి వచ్చేటప్పుడు నరేందర్ సార్ కోపంగా లేరు. "నీకు పిచ్చి లేసిందా బిడ్డా" అన్నారు మెల్లగా. ఆరేళ్లలో సార్ నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు.

ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. నేను వాళ్లను దాటుకుని ఆటో ఎక్కాను. ఎవరూ పిలవలేదు. పిలుస్తారని అనుకోలేదు కూడా. కొంచెం అనుకున్నాను.

సెప్టెంబర్ 17

సస్పెన్షన్ ఉత్తరం వాట్సాప్‌లో వచ్చింది. ఏడు లైన్లే.

సెప్టెంబర్ 21

రాంజీ వచ్చాడు. ఏం చెప్పానో అప్పుడు చెప్పాను. "భూపాలపల్లికి వచ్చెయ్. నాతో ఉండు. ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. తర్వాత, "నువ్వు ఫిబ్రవరిలనే చెప్పి ఉంటే బాగుండు" అన్నాడు. ఎవరికి అని అడగలేదు.

అక్టోబర్ 9

రాజీ కుదిరిందని లేబర్ ఆఫీసు నుంచి ఫోన్. సాక్షిగా నన్ను 14న రమ్మన్నారు. కంపెనీ నన్ను సస్పెండ్ చేసిందని చెప్పాను. "కంపెనీ సాక్షిగా కాదు. మోతీబాయి గారు మీ పేరు రాయించారు" అన్నాడాయన.

అత్త నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

అక్టోబర్ 14

భూపాలపల్లికి సామాను పంపేశాను. ఒక సంచితో లేబర్ ఆఫీసుకు వెళ్లాను.

వరండాలో చాప వేసుకుని ముప్పై మంది దాకా కూర్చున్నారు. అత్త కాగితం నా చేతికిచ్చింది. తెలుగులో నాలుగు పేజీలు.

"ఒక్కొక్క మాట మన భాషల చెప్పు" అంది. "మంచిది, చెడ్డది, అన్నీ."

నిలబడే చదివాను. జనగామ ప్లాంటులోని 138 మందినీ కంపెనీ మళ్లీ తన పట్టీలోకి తీసుకుంటుంది. చేరిన పాత తేదీల నుంచే సర్వీసు లెక్క. సీజన్ లేని నెలల్లోనూ పని ఇస్తుంది. పని లేకుండా పోయిన మూడు నెలల కూలి మాత్రం ఎవరూ అడగకూడదు. మిగతా రెండు ప్లాంట్లలోని 240 మంది గురించి ఇందులో ఏమీ లేదు. లేదని కూడా చెప్పాను. మాట కోసం ఎక్కడా ఆగాల్సి రాలేదు.

వచ్చే ఏడు అంకె మళ్లీ పెరుగుతుంది. ఎంత అవుతుందో నేను లెక్క వేయలేదు. నడుమ నిలబడేది నేనైతే కాదు.

నేను చదవడం అయ్యాక అత్త కాగితం తీసుకుని జోహరాబీకి ఇచ్చింది. "జోహరాబీ, నువ్వొకసారి తెలుగుల సదువు" అంది. ఇది నా ముందే అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

జోహరాబీ అద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివింది. మెల్లగా, ఇంటిపేర్లతో సహా. మూడో పేజీ తిప్పాక అత్త చెయ్యెత్తింది.

"ఆగు. గా మూడు నెలల కూలి అడగొద్దన్న మాట రాలే."

"ఏ మాట?"

"గామె సదివింది. నువ్వు సదువలే. గది ఉన్నదా, లేదా?"

ముప్పై మందీ కాగితం వైపు చూశారు. జోహరాబీ పేజీ వెనక్కి తిప్పింది. వేలు పై నుంచి కిందికి దిగి, ఒకచోట ఆగింది.

"ఉన్నది అక్కా. లైను దాటిపోయిన."

"గదే అడుగుతున్న" అంది అత్త.

తర్వాత కొంతసేపు ఆ మూడు నెలల గురించి వాళ్లలో వాళ్లు కొట్లాడుకున్నారు. కొందరు ఇప్పుడే సంతకం వద్దు, ఇంకోసారి అడుగుదామన్నారు. అత్త అందరి మాటా విని, పాత తేదీలు పోకుంటె చాలు, పెడదాం అంది. జోహరాబీ ముందు సంతకం పెట్టింది. ఆమె పెన్ను ఇంకొకరు తీసుకుని వరండా అవతలి చివరికి పోయారు.

అత్త కాగితాన్ని మోకాలి మీద సరిగ్గా పరుచుకుంది. నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం నా వైపు చాపింది.

నా పెన్ను మూత తీసి ఇచ్చాను.

అడుగున సాక్షి ఖాళీ ఉంది. తన పేరు రాయడం అయ్యాక కాగితాన్ని నా వైపు జరిపింది.

సాయంత్రం బస్సు దొరికింది. ఇది బస్సులోనే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.